నోరు పొక్కిన ఉదయం

అంజూరానికి పువ్వు లేదని ఎవరన్నారు?
ఉంది. లోపలికి పూస్తుంది,
కడుపులో దాచుకున్న మాటలాగా.
పైకి కనబడేది పచ్చికాయే,
అడుగున సూదిమొనంత కన్ను.

నా పెరట్లోది ఆడచెట్టు.
మా వీధిలో అన్నీ ఆడవే.
మగచెట్టు ఒక్కటే, హుస్నూ గోడకవతల,
తినడానికి పనికిరాని కాయలతో,
కాయకాయలో నువ్వుగింజంత కందిరీగలతో.

జూన్‌లో ఆ కాయల్ని, ఇలెక్ అంటాం మేం,
రెల్లుపోచకు రెండో మూడో గుచ్చి
తెల్లారకముందే ఆడచెట్టుకు వేలాడదీయాలి.
ఎండ పొడ తగలగానే ఈగలు బయటికొస్తాయి
ఒంటినిండా పుప్పొడి పూసుకుని.
ఆడకాయ కన్నులో దూరేటప్పుడు
రెక్కలు బయటే తెగిపడతాయి.
ఇక వెనక్కి రావడం లేదు.

ఈ సంగతి తెలిశాక
చిన్నప్పుడు రెండేళ్లు పండు ముట్టలేదు నేను.
మూడో ఏడు మా అమ్మ ఒకటి చీల్చి
"ఏదీ, నీ ఈగ ఎక్కడుందో చూపించు" అంది.
ఎక్కడా లేదు.
దాన్ని పండు తినేసింది.
పండును నేను.

నెజ్మీ ఉన్నన్నాళ్లూ నిచ్చెన అతనిది.
నేను కింద నిలబడి
అతని లెక్కలో తప్పులు పట్టేదాన్ని.
పదకొండేళ్ల కిందట
కాలవ నీళ్ల వంతు దగ్గర
హుస్నూకీ మాకూ మాట తెగింది.
అరగంట నీళ్లు.
మా టమాటాలకో, వాళ్ల వంకాయలకో,
ఇప్పుడు గుర్తు లేదు.
ఆ తర్వాత ఇలెక్ సంతలోనే కొన్నాం,
గోడకవతల అవి ఊరికే రాలి కుళ్లుతున్నా.
నెజ్మీ పోయిన రోజు హుస్నూ వచ్చాడు,
శవపేటికకు భుజం పట్టాడు,
గడప తొక్కకుండా వెళ్లిపోయాడు.

ఈ ఏడు మే నెలలో
మెట్ల మీద జారి మణికట్టు విరిగింది.
డాక్టరమ్మ కట్టు వేసి
"పని ముట్టుకోకు" అంది,
పని తనంతట తనే అయిపోతుందన్నట్టు.
సరే, ఒక్కదానికి ఎన్ని పళ్లు కావాలి?
రాలితే రాలనీ అనుకున్నాను.

జూన్ మూడోవారం.
ఇంకా నమాజు పిలుపు రాలేదు.
గోడ మీద ఏదో గీరుకున్న చప్పుడు.
పరదా వేలెడంత జరిపాను.
డెబ్భై నాలుగేళ్ల మనిషి
గోడెక్కి కూర్చుని, గొడుగు వంపుతో
నా కొమ్మల్ని దగ్గరికి లాక్కుంటున్నాడు,
రెల్లుపోచలు పళ్ల మధ్య కరచుకుని.
ఒక్కోటీ తగిలిస్తూ
గొణుక్కుంటూ లెక్కపెట్టాడు.
పదిహేడు దగ్గర తప్పాడు.
నేను సరిదిద్దలేదు.
దగ్గొచ్చింది. వెళ్లి దిండులో దగ్గాను.

ఆగస్టు.
పండిన అంజూరం మెడ వంచుతుంది,
కన్ను దగ్గర ఒక తేనెబొట్టు నిలబెడుతుంది.
తొక్క మీద రాత్రి చల్లదనం ఆరకముందే కొయ్యాలి.
కట్టు విప్పిన చెయ్యి
సన్నగా, పాలిపోయి, ఎవరిదో అరువు తెచ్చినట్టుంది.
మొదటి పండు దానితోనే కోశాను.
తొడిమ తెగిన చోట పాలు కారి
వేళ్ల సందుల్లో ఒకటే దురద.

తొక్క తియ్యను నేను. తీసేవాళ్లని నమ్మను.
బొటనవేళ్లతో రెండుగా విప్పితే
లోపల గులాబీరంగు పోగులు,
పంటికింద గింజల చిటపట,
పక్కన ఉప్పుజున్ను, నిన్నటి రొట్టె.
పిట్ట పొడిచింది ముందు, అదే తీపి.
నిలబడే తింటాను. కూర్చుంటే లెక్కుండదు.
తొమ్మిదోదానికి పెదవులు మండాయి.
పన్నెండోదానికి నాలుక పొక్కింది.
ఆపలేదు.

మిగిలినవి పళ్లెంలో ఆకు పరిచి
గోడ మీద పెట్టాను.
వెళ్లిపోవాల్సింది.
కానీ పళ్లెం మంచిది, కాపలాగా నిలబడ్డాను.
అవతలినుంచి ఒక చెయ్యి వచ్చింది,
గోళ్లనిండా మట్టి.
ఒక పండు వెళ్లింది. ఇంకొకటి.
కాసేపటికి గొంతు:
"ఆ పైకొమ్మ నాకు అందలేదు. రాలాయా?"

"అన్నీ రాలాయి" అన్నాను.

ఇంకో మాట కూడా ఉంది.
నోరంతా పొక్కిపోయి ఉంది.